ఒక కార్డు... ఏడు పాయలు

మంజీర నది మెదక్‌ దాటక ముందే ఒక చోట ఏడు పాయలుగా చీలిపోతుంది. ఆ పాయల నడుమ రాతి గుహలో వనదుర్గమ్మ కొలువై ఉంది. శివరాత్రి జాతరకు అక్కడికి లక్షల్లో జనం తరలివస్తారు. ఏడు పాయలూ ఎవరి దారిన అవి పారినట్టే ఉంటాయి గానీ, ఆ నీళ్లన్నిటికీ మూలం ఒక్కటే. మళ్లీ కలిసేదీ ఒక్క చోటే.

కంప్యూటర్‌ పెట్టెలోనూ అలాంటి ఏడుపాయలు ఒకటుంది. అరచేతిలో పట్టే ఓ కార్డు. దాన్నుంచి ఒకే ఒక్క తీగ బయల్దేరుతుంది. ఆ తీగ పొడవునా హార్డ్‌ డిస్కులు, టేపు డ్రైవ్‌లు, సీడీ డ్రైవ్‌లు వరుసగా ఏడింటి దాకా తగిలించుకోవచ్చు. దాని పేరు స్కజీ అడాప్టర్‌. అడాప్టర్‌ అనగానే సెల్‌ఫోన్‌ ఛార్జరు గుర్తొస్తుంది చాలామందికి. ఇది అది కాదు. కంప్యూటర్‌ మాట డిస్కుకు, టేపుకు అర్థమయ్యేలా చెప్పి, అవి ఇచ్చిన జవాబును తిరిగి కంప్యూటర్‌కు చేరవేసే దుబాసీ.

ఇళ్లలోని కంప్యూటర్లకు దీనితో పని పడలేదు. ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, కాలేజీల్లో ఉండే సర్వర్లకు మాత్రం రెండు దశాబ్దాల పాటు ఇదే ప్రాణం. ఆ కాలం వెళ్లిపోయింది కానీ, ఆ కాలంలో రాసిన టేపులు ఇంకా బీరువాల్లో ఉన్నాయి. వాటిలో ఏముందో చూడాలంటే మళ్లీ ఈ కార్డు కావాల్సిందే. దాన్ని బిగించడం, నడపడం తెలిసినవాళ్లేమో ఏటికేడు తగ్గిపోతున్నారు.

జాగా కాగితం వెనక...

ఇదంతా మనకెందుకు అనిపించవచ్చు. మెదక్‌ పట్టణంలో ఓ కుటుంబం నూటయాభై గజాల జాగా కొనాలనుకుందనుకోండి. మొదట అడిగేది ఈసీ. అంటే ఎన్‌కంబరెన్స్‌ సర్టిఫికెట్‌. ఆ జాగా మీద అప్పుందా, తనఖా ఉందా, ఇంతకుముందే ఇంకెవరికైనా అమ్మేశారా అన్నది చెప్పే కాగితం. జీవితమంతా కూడబెట్టిన సొమ్ము ఆ ఒక్క కాగితం మీద ఆధారపడి ఉంటుంది.

ఒకప్పుడు ఈసీ కావాలంటే సబ్‌ రిజిస్ట్రార్‌ కార్యాలయంలో లావుపాటి పుస్తకాలు తిరగేయాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్‌ చట్టం ప్రకారం ఒక సూచికలో మనుషుల పేర్లు, మరో సూచికలో ఆస్తుల వివరాలు ఉంటాయి. దస్తావేజును చేత్తో పుస్తకంలోకి ఎక్కించాలి. ఈసీ అడిగితే సూచికలు వెతికి రాసివ్వాలి. రోజులు గడిచేవి.

ఆ పద్ధతిని మార్చింది 1998 నవంబరు 4. ఆ రోజు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 214 సబ్‌ రిజిస్ట్రార్‌ కార్యాలయాల్లో కంప్యూటర్‌ రిజిస్ట్రేషన్లు మొదలయ్యాయి. ఐఏఎస్‌ అధికారి జె.సత్యనారాయణ రూపకల్పన చేసిన ఆ ప్రాజెక్టు పేరు కూడా విచిత్రంగా ‘కార్డ్‌’. దాంతో ఈసీ నిమిషాల్లో చేతికి రావడం మొదలైంది. ఇప్పుడు తెలంగాణలో 1983 జనవరి 1 నుంచి ఉన్న లావాదేవీల ఈసీని ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో చూసుకోవచ్చు. అంతకు ముందువి కావాలంటే మాత్రం పాత పుస్తకాలే దిక్కు.

ఇక్కడ ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. కంప్యూటర్లు 1998లో వచ్చాయి. సమాచారం 1983 నుంచి ఉంది. మధ్యలో ఉన్న పదిహేనేళ్ల వివరాల్ని మనుషులు కూర్చుని, పుస్తకాలు చూసి, ఒక్కో ఎంట్రీ కొట్టి లోపలికి ఎక్కించారు. అంత శ్రమ ఒక డిస్కులో ఉంటుంది. డిస్కు అన్నది తిరిగే యంత్రం. తిరిగే యంత్రం ఏదో ఒక రోజు ఆగుతుంది. ఆగిన రోజున రెండో ప్రతి ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఆ కాలంలో సర్వర్లున్న చోట సాధారణంగా ఆ రెండో ప్రతి టేపు మీద ఉండేది. డిస్కునూ టేపునూ కలిపేది స్కజీ కార్డు.

సాసీ నుంచి స్కజీ దాకా

1970ల చివర్లో అమెరికాలో షుగార్ట్‌ అసోసియేట్స్‌ అనే కంపెనీ డిస్కు డ్రైవ్‌లు చేసేది. ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో రకం తీగ, ఒక్కో రకం డ్రైవ్‌ ఉండటం తలనొప్పిగా మారింది. అందరికీ పనికొచ్చేలా ఆ కంపెనీ ‘సాసీ’ అనే పద్ధతి తెచ్చింది. దాని మీద పనిచేసిన లారీ బౌచర్‌ బయటికొచ్చి 1981లో మరికొందరితో కలిసి అడాప్టెక్‌ కంపెనీ పెట్టారు. సాసీని మెరుగుపరిచి 1986లో అమెరికా ప్రమాణాల సంస్థ ‘స్మాల్‌ కంప్యూటర్‌ సిస్టమ్‌ ఇంటర్‌ఫేస్‌’గా ఆమోదించింది. పొడి అక్షరాల్లో స్కజీ. అడాప్టెక్‌ కార్డులు ప్రపంచమంతా పాకాయి. మన దగ్గర హైదరాబాద్‌లో కంప్యూటర్లు బాగుచేసే పాతతరం ఇంజినీర్లకు ‘2940’ అంటే చాలు, ఏ కార్డో తెలిసిపోతుంది.

ఇళ్లలో వాడిన ఐడీఈ తీగకు రెండు పరికరాలే తగిలేవి. స్కజీకి ఏడు. తర్వాత వచ్చిన వెడల్పు రకానికి పదిహేను. పైగా ఒక పరికరం తన పనిలో ఉంటే తీగను వదిలేసి పక్కకు తప్పుకుంటుంది. ఆ సందులో ఇంకొకటి మాట్లాడుతుంది. టేపు వెనక్కి చుట్టుకోవడానికి నిమిషాలు పడుతుంది. అంతసేపూ తీగను పట్టుకుని కూర్చుంటే డిస్కుల పని ఆగిపోతుంది కదా. ఈ మర్యాద తెలియడమే స్కజీ గొప్పతనం.

ఎవరి నంబరు వారిదే

ఒకే తీగ మీద ఇన్ని పరికరాలుంటే ఎవరిని పిలుస్తున్నారో ఎలా తెలుస్తుంది? అందుకే ఒక్కోదానికి ఒక్కో నంబరు. సున్నా నుంచి ఏడు దాకా మొత్తం ఎనిమిది. అందులో ఏడు నంబరు కార్డుదే. మిగిలినవి ఏడు... ఏడుపాయల లెక్క సరిపోయింది.

నంబరు ఇవ్వడానికి డ్రైవ్‌ వెనక చిన్న పిన్నుల జతలుంటాయి. వాటి మీద పెసరగింజంత ప్లాస్టిక్‌ మూతలు పెట్టాలి. వీటినే జంపర్లంటారు. మొదటి జత విలువ 1, రెండోది 2, మూడోది 4. కిరాణా కొట్లో తూకం రాళ్లలాగే. ఐదు కావాలంటే ఒకటి, నాలుగు జతల మీద మూత పెట్టాలి. ఆరు కావాలంటే రెండు, నాలుగు. ఏ మూతా లేకపోతే సున్నా. వెడల్పు రకంలో 8 విలువున్న నాలుగో జత కూడా ఉంటుంది.

ఏడుకు అందరికన్నా పెద్దపీట. ఇద్దరు ఒకేసారి మాట్లాడబోతే పెద్ద నంబరుదే గెలుపు. ఆ తర్వాత ఆరు, ఐదు... చివరికి సున్నా. వెడల్పు రకంలో ఓ తిరకాసు ఉంది. సున్నా అయ్యాకే 15 మొదలవుతుంది, చిట్టచివరిది 8. కంప్యూటర్‌ లేవాల్సిన డిస్కుకు సున్నా ఇవ్వడం ఆనవాయితీ. టేపుకు నాలుగు, ఐదు, ఆరులో ఒకటి ఇస్తారు. టేపు నెమ్మది మనిషి. వేగంగా పరిగెత్తే డిస్కుల మధ్య దానికి అవకాశం దక్కాలంటే కాస్త పెద్ద నంబరు ఉండాలి.

రెండింటికి ఒకే నంబరు పడితే? ఒకే పేరున్న ఇద్దరిని పిలిచినట్టే. ఇద్దరూ పలుకుతారు, లేదా ఇద్దరూ ఊరుకుంటారు. ఇంకో వింత కూడా ఉంది. ఏ డ్రైవుకైనా పొరపాటున కార్డు నంబరైన ఏడు ఇచ్చారంటే, తెర మీద ఒక్క డ్రైవే అన్ని నంబర్ల దగ్గరా కనిపిస్తుంది. ఒక్క టేపు డ్రైవ్‌ ఏడు టేపు డ్రైవ్‌లైనట్టు చూపిస్తే సంబరపడక్కర్లేదు. జంపర్లు చూసుకోవాలి.

కాలువ చివర గోడ

స్కజీలో నూటికి తొంభై పాళ్లు తిప్పలు పెట్టేది టెర్మినేటర్‌. ఆర్నాల్డ్‌ సినిమా కాదు. తీగ రెండు చివర్లలో పెట్టే చిన్న బిళ్ల. దీన్ని అర్థం చేసుకోవాలంటే మెదక్‌ రైతును అడిగితే చాలు.

మంజీర మీద 1905లో కట్టిన ఘనపూర్‌ ఆనకట్ట నుంచి మహబూబ్‌ నహర్‌, ఫతే నహర్‌ కాలువలు బయల్దేరతాయి. కాలువలో నీళ్లు జోరుగా వస్తున్నప్పుడు చివర తలుపు దించేస్తే ఏమవుతుంది? వచ్చిన అల తలుపుకు కొట్టుకుని వెనక్కి మళ్లుతుంది. ఎదురొచ్చే నీళ్లతో ఢీకొని సుడులు తిరుగుతుంది. అదే చివర్న పొలం ఉంటే నీళ్లు నిదానంగా ఇంకిపోతాయి. తీగలో విద్యుత్‌ సంకేతం కూడా అంతే. చివర ఖాళీగా వదిలేస్తే తగిలి వెనక్కి వస్తుంది. వెనకొచ్చే సంకేతంతో కలిసి దాన్ని పాడుచేస్తుంది. టెర్మినేటర్‌ ఆ సంకేతాన్ని తనలో ఇంకించుకునే పొలం.

సూత్రం చాలా చిన్నది. రెండు కొసలకూ ఉండాలి. నడుమ ఎక్కడా ఉండకూడదు. చిక్కల్లా కార్డు కొసన ఉందా, నడుమ ఉందా అన్న దగ్గరే. పరికరాలన్నీ పెట్టె లోపలే ఉంటే కార్డే ఒక కొస. కాబట్టి కార్డులో టెర్మినేషన్‌ ఉండాలి, లోపలి తీగ ఆఖర్న ఉండాలి. లోపల డిస్కు, బయట టేపు డ్రైవ్‌ ఉండి రెండూ ఒకే వరుసలో కలిస్తే కార్డు నడిమధ్యకు వచ్చేసినట్టు. అప్పుడు కార్డులో టెర్మినేషన్‌ తీసేయాలి. లోపలి తీగ ఆఖర్న ఒకటి, బయట టేపు డ్రైవ్‌ వెనక ఒకటి పెట్టాలి. ‘ఆటోమేటిక్‌’ అని పెడితే చాలా కార్డులు తమంతట తామే చూసుకుంటాయి. అయినా ఓసారి కంటితో చూసుకోవడం మేలు.

ఇందులో అసలు ప్రమాదం ఏమిటంటే, తప్పు చేసినా కొన్నాళ్లు పనిచేస్తుంది. చిన్న ఫైళ్లు బాగానే వెళతాయి. పెద్ద బ్యాకప్‌ నడుస్తుండగా అర్ధరాత్రి ఎక్కడో ఆగిపోతుంది. మర్నాడు మళ్లీ పెడితే సాఫీగా అయిపోతుంది. దాంతో టేపు చెడిందని టేపు మారుస్తారు, డ్రైవ్‌ చెడిందని డ్రైవ్‌ మారుస్తారు. చిన్న బిళ్ల సంగతి ఆఖరికి గుర్తొస్తుంది.

తీగకూ ఓ కొలత

తీగ ఎంత పొడవైనా ఫర్వాలేదనుకుంటే పొరపాటే. మొదటితరం స్కజీ సెకనుకు 5 మెగాబైట్ల వేగంతో నడిచేది. దానికి 6 మీటర్ల దాకా అనుమతి. వేగం 10కి పెరిగేసరికి 3 మీటర్లయింది. 20 దగ్గర పరికరాలు ఎక్కువుంటే ఒకటిన్నర మీటరే. వేగం పెరిగేకొద్దీ అల తొందరగా చెదిరిపోతుంది, అదీ కారణం. తర్వాత ఎల్‌వీడీ అనే రకం వచ్చింది. ఒక్కో సంకేతాన్ని రెండు తీగల మీద ఎదురెదురుగా పంపి, తేడాను మాత్రమే చదివే పద్ధతి. దాంతో సెకనుకు 160, 320 మెగాబైట్ల వేగంలోనూ 12 మీటర్లు సాధ్యమైంది.

ఈ కొత్త రకం డిస్కుల వరుసలోకి పాతరకం టేపు డ్రైవ్‌ను ఒక్కదాన్ని తగిలిస్తే చాలు, మొత్తం వరుస పాత పద్ధతికి దిగిపోతుంది. 160తో పరిగెత్తాల్సిన డిస్కు 40 దగ్గర ఆగుతుంది. పొడవు నిబంధన కూడా పాతదే వర్తిస్తుంది. ఎడ్లబండి ముందుంటే వెనక బస్సులన్నీ దాని వేగంతోనే నడవాలి మరి. అందుకే అనుభవజ్ఞులు టేపుకు విడిగా ఓ కార్డు, లేదా అదే కార్డులో విడి చానెల్‌ ఇస్తారు. ఇక హెచ్‌వీడీ అని మూడో రకం ఉంది. దాన్ని పై రెండింటితో కలపడం అసలు పనికిరాదు. సర్క్యూట్లు దెబ్బతినే ప్రమాదముంది. తగిలించే ముందు పరికరం వెనక గుర్తు చూసుకోవాలి.

కంట్రోల్‌ నొక్కి, ఏ నొక్కి...

కంప్యూటర్‌ స్విచ్‌ వేయగానే కార్డు తనను తాను పరిచయం చేసుకుంటుంది. అడాప్టెక్‌ కార్డైతే కంట్రోల్‌, ఏ మీటలు కలిపి నొక్కమంటుంది. నొక్కితే నీలం తెర మీద ఓ పట్టిక వస్తుంది. భయపడాల్సిందేమీ లేదు. చూడాల్సినవి నాలుగైదే.

కార్డు నంబరు ఏడుగా ఉండాలి. ప్యారిటీ, అంటే వచ్చిన సంకేతంలో తప్పుందేమో సరిచూసుకునే ఏర్పాటు, ఉంచాలి. టేపు నంబరు ఎదురుగా ‘డిస్‌కనెక్షన్‌’ ఉంచాలి. ముందు చెప్పుకున్న పక్కకు తప్పుకునే మర్యాద ఇదే. టేపు వేగం అనుమానంగా ఉంటే ఆ ఒక్క నంబరుకే వేగం తగ్గించి చూడవచ్చు. తగ్గించగానే తప్పులు ఆగిపోతే లోపం తీగలోనో టెర్మినేటర్‌లోనో ఉందని అర్థం.

అదే పట్టికలో కింద ఎక్కడో ‘ఫార్మాట్‌’ అని ఉంటుంది. పక్కనే ‘వెరిఫై’. వెరిఫై డిస్కును చదివి మాత్రమే చూస్తుంది. ఫార్మాట్‌ మొత్తం తుడిచేస్తుంది. రెండింటికీ మధ్య దూరం ఒక్క మీట. అందుకే ఈ తెర ముందు కూర్చున్నప్పుడు పక్కవాళ్లతో కబుర్లు వద్దు.

టేపుకూ వేసవి ఉంది

ఆ రోజుల్లో చిన్న సర్వర్లకు ఎక్కువగా కనిపించింది డాట్‌ టేపు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. లోపల నాలుగు మిల్లీమీటర్ల రిబ్బను. మొదటి తరం డీడీఎస్‌ టేపులో 2 గిగాబైట్లు పట్టేవి. రెండో తరంలో 4, మూడులో 12, నాలుగులో 20. పాటల క్యాసెట్‌లో హెడ్‌ కదలదు, రిబ్బనే కదులుతుంది. డాట్‌లో మాత్రం వీసీఆర్‌ మాదిరి హెడ్‌ గిర్రున తిరుగుతూ రిబ్బను మీద ఏటవాలు గీతలు గీస్తుంది. అంత సన్నటి గీత మీద ధూళి కణం పడినా అక్షరం చెరిగిపోతుంది.

అందుకే వారానికోసారైనా, లేదా 25 గంటల వాడకానికి ఓసారైనా క్లీనింగ్‌ టేపు పెట్టాలి. క్లీనింగ్‌ టేపు కూడా శాశ్వతం కాదు. దాదాపు యాభైసార్ల తర్వాత అదే మురికి పూస్తుంది. ఎన్నిసార్లు వాడారో దాని మీదే గీతలు పెట్టుకునేవాళ్లు తెలివైనవాళ్లు. కంప్యూటర్‌ సమాచారం అందించే వేగం టేపుకు చాలకపోతే మరో ఇబ్బంది. టేపు ఆగి, వెనక్కెళ్లి, మళ్లీ ముందుకొస్తుంది. బూటు పాలిష్‌ చేసినట్టు అదే చోట అటూఇటూ రుద్దుకుంటుంది. రిబ్బనూ అరుగుతుంది, హెడ్డూ అరుగుతుంది.

ఎక్కువ కాలం దాచే టేపు 32 డిగ్రీలు దాటని చోట ఉండాలి. మెదక్‌లో మే నెల ఎండలు నలభై దాటతాయి. కరెంటు పోతే ఏసీ ఉండదు. రేకుల గదిలో ఇనప బీరువా అంటే పొయ్యి మీద పెట్టినట్టే. ఇంకో అలవాటు కూడా ఉంది. బ్యాకప్‌ టేపును సర్వర్‌ పక్కనే డ్రాయర్‌లో పెట్టడం. నిప్పంటుకున్నా, నీళ్లొచ్చినా, దొంగలు పడ్డా అసలూ నకలూ కలిసే పోతాయి.

తాత, తండ్రి, కొడుకు

టేపులు ఎన్నుండాలన్న దానికి కంప్యూటర్‌ లోకంలో ఓ ముచ్చటైన లెక్క ఉంది. సోమవారం నుంచి గురువారం దాకా రోజుకొకటి చొప్పున నాలుగు టేపులు. ఇవి కొడుకులు. వచ్చే వారం మళ్లీ వీటి మీదే రాస్తారు. ప్రతి శుక్రవారం ఒక్కో టేపు, నెలకు నాలుగు. వీళ్లు తండ్రులు. నెలాఖరుకు ఒకటి, ఏడాదికి పన్నెండు. వీళ్లు తాతలు. వీటిని ఏడాది పాటు ముట్టుకోరు. మొత్తం ఇరవై టేపులతో ఏడాది చరిత్ర చేతిలో ఉంటుంది. ఏ ఫైలో మూడు వారాల కిందట పాడైపోయి ఇవాళ బయటపడిందనుకోండి. కొడుకులందరి దగ్గరా పాడైనదే ఉంటుంది. ఇంటి పెద్ద దగ్గర మాత్రం బాగున్నది దొరుకుతుంది.

ప్రపంచంలో పెద్ద పెద్దవాళ్లకే ఈ అవసరం పడింది. 2011 ఫిబ్రవరిలో ఓ సాఫ్ట్‌వేర్‌ లోపం వల్ల జీమెయిల్‌లో దాదాపు 0.02 శాతం మంది ఉత్తరాలు మాయమయ్యాయి. గూగుల్‌ ఒక్కో ఉత్తరానికి అనేక నకళ్లు వేర్వేరు చోట్ల ఉంచుతుంది. లోపం ఆ నకళ్లకూ పాకింది. చివరికి ఆదుకున్నది టేపు. తీగకు తగిలి లేదు కాబట్టే లోపం దాన్ని అంటలేదు.

రెండో కథ 1998 నాటిది. ‘టాయ్‌ స్టోరీ 2’ సినిమా తీస్తున్నప్పుడు పిక్సార్‌ కంపెనీలో ఎవరో పొరపాటున తుడిపేసే ఆదేశం ఇచ్చారు. బొమ్మలు కళ్ల ముందే మాయమయ్యాయి. బ్యాకప్‌ ఉందిలే అనుకున్నారు. తీరా చూస్తే అది సరిగ్గా పనిచేయడం లేదు. చంటిబిడ్డ తల్లి కావడంతో ఇంటి నుంచి పనిచేస్తున్న గాలిన్‌ సుస్మన్‌ అనే టెక్నికల్‌ డైరెక్టర్‌ ఇంట్లోని కంప్యూటర్‌లో ఒక ప్రతి ఉంది. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి కారులో తెచ్చుకున్నారు. సినిమా బతికింది.

ఈ రెండు కథల సారం ఒకటే. రాయడం బ్యాకప్‌ కాదు. తిరిగి చదవగలిగితేనే బ్యాకప్‌. నెలకోసారి ఏదో ఒక టేపు తీసి, అందులోంచి ఓ ఫైలు వెనక్కి తెచ్చి, తెరిచి చూడాలి. ఈ ఒక్క పని చేసే కార్యాలయాలు చాలా తక్కువ.

పాత టేపు దొరికితే...

2004, 2005 ప్రాంతం నుంచి స్కజీ స్థానంలోకి ‘శాస్‌’ అనే సన్నతీగ పద్ధతి వచ్చింది. అందులో జంపర్లు లేవు, టెర్మినేటర్లు లేవు. అడాప్టెక్‌ కంపెనీ కూడా 2010 నుంచి చేతులు మారుతూ వచ్చింది. టేపు మాత్రం పోలేదు. 2021లో వచ్చిన ఎల్‌టీఓ తొమ్మిదో తరం టేపు ఒక్కదానిలో 18 టెరాబైట్లు పడతాయి. మొదటి డీడీఎస్‌ టేపులు తొమ్మిదివేలు కలిపితే ఒకటి.

మెదక్‌కు ఈ మార్పుల కాలమే మరోలా గుర్తుంటుంది. జిల్లా పేరు మెదక్‌ అయినా కలెక్టరేట్‌ దశాబ్దాల పాటు సంగారెడ్డిలోనే ఉండేది. 2016 అక్టోబరు 11న జిల్లా మూడుగా విడిపోయాక మెదక్‌ పట్టణం నిజంగా జిల్లా కేంద్రమైంది. 2020లో వ్యవసాయ భూములకు ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి మొదలైంది. వ్యవస్థ మారిన ప్రతిసారీ ఏ ఊళ్లోనైనా కార్యాలయాలు గదులు మారతాయి, బీరువాలు కదులుతాయి. కాలేజీల్లో, ప్రింటింగ్‌ ప్రెస్సుల్లో, సహకార సంఘాల్లో కూడా ఇదే. బూజు దులుపుతుంటే ఓ డాట్‌ టేపు బయటపడుతుంది. మీద పెన్నుతో రాసిన తేదీ తప్ప మరే ఆధారమూ ఉండదు. చూసినవాళ్లు చెత్తబుట్టలో వేస్తారు, లేదా ఆత్రంగా దొరికిన డ్రైవ్‌లో పెట్టేస్తారు. రెండూ తప్పే.

మొదట టేపు అంచున ఉండే చిన్న తలుపు జరపాలి. దాంతో దాని మీద ఎవరూ రాయలేరు. రాత బల్ల మీద అలాగే ఓ రోజు ఉంచి గది వేడికి అలవాటు పడనివ్వాలి. డ్రైవ్‌ను శుభ్రం చేసి, ముందుగా పనికిరాని టేపుతో పరీక్షించాలి. రాయడం, చదవడం, బయటికి తీయడం మూడూ సజావుగా జరిగాకే అసలు టేపు పెట్టాలి. డ్రైవ్‌ తరం కూడా చూసుకోవాలి. డాట్‌ 72 డ్రైవ్‌ మూడో, నాలుగో తరం డీడీఎస్‌ టేపులను చదువుతుంది. మొదటి, రెండో తరం టేపులకు మూడో తరం డ్రైవ్‌ వెతుక్కోవాలి. పాత స్కజీ కార్డులను కొత్త విండోస్‌ గుర్తుపట్టక పోవచ్చు. లైనక్స్‌ చాలావాటిని గుర్తుపడుతుంది. టేపు పెట్టగానే ‘ఇది ఖాళీగా ఉంది, సిద్ధం చేయమంటారా?’ అని సాఫ్ట్‌వేర్‌ అడిగితే, ఎంత మర్యాదగా అడిగినా సరే, వద్దనాలి. తనకు అర్థంకాని భాషలో రాసినదాన్ని అది ఖాళీ అనుకుంటుంది.

అన్నీ దాటి ఫైలు బయటికొచ్చాక తెలుగువాళ్లకు మాత్రం మరో గడప ఉంటుంది. విండోస్‌లో తెలుగు యూనికోడ్‌ ఫాంటు గౌతమి 2001లో ఎక్స్‌పీతో వచ్చింది. అంతకుముందూ, ఆ తర్వాత చాలా ఏళ్లూ మన డీటీపీ పని అను, శ్రీలిపి ఫాంట్లలోనే సాగింది. ఆ ఫాంటు లేకుండా తెరిస్తే పెళ్లిపత్రికైనా పంచాయతీ తీర్మానమైనా పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. పాడైందనుకుని తీసేయకూడదు. అప్పటి ఫాంటు పెడితే తెలుగు మళ్లీ లేస్తుంది, యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు.

బీరువాలో అంటించుకోవడానికి

టేపు మీద తేదీతో పాటు నాలుగు ముక్కలు రాయాలి. ఏ తరం టేపు, ఏ డ్రైవ్‌, ఏ సాఫ్ట్‌వేర్‌, ఏ ఫాంటు.

కార్డు, తీగ, టెర్మినేటర్‌, డ్రైవ్‌ నాలుగూ ఒకే పెట్టెలో ఉంచాలి. తుక్కు కింద అమ్మే ముందు టేపులన్నీ కొత్త డిస్కులోకి ఎక్కాయో లేదో చూసుకోవాలి.

తీగ తీసేటప్పుడూ పెట్టేటప్పుడూ కరెంటు ఆపాలి. ఏ నంబరు దేనిదో కాగితం మీద రాసి పెట్టె మూత లోపల అంటించాలి.

ఒక ప్రతి వేరే భవనంలో ఉండాలి. వేరే ఊళ్లో అయితే మరీ మంచిది.

నూటయాభై గజాల జాగా కొనే కుటుంబానికి ఈ తీగలు, బిళ్లలు ఎప్పటికీ కనిపించవు. కనిపించాల్సిన అవసరమూ లేదు. కిటికీ దగ్గర అడిగిన కాగితం చేతికొస్తే చాలు. ఆ కాగితం రావాలంటే తెర వెనక ఎవరో ఒకరు జంపరు సరిచూసి, టేపు మార్చి, దాన్ని చదివి చూసుకుని ఇంటికి వెళ్లి ఉండాలి. మంజీరలో నీళ్లు ఉన్నంతకాలమే ఏడు పాయలు పారతాయి. పైనుంచి వచ్చే ఆ ఒక్క ధార ఎండకుండా చూసుకోవడమే అసలు పని.